కణం పాఠానికి ఏ పోలిక: ఇల్లా, ఊరా, ఫ్యాక్టరీయా, పెళ్ళి వంటశాలా?

మూడేళ్ళ కిందట మా ట్యూషన్‌లో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పరీక్షలో ఇలా రాశాడు: "మైటోకాండ్రియాలో కరెంటు తయారవుతుంది. అది కణం మొత్తానికి సప్లై అవుతుంది." మార్కు ఇవ్వలేదు గానీ, తిట్టడానికి నాకు నోరు రాలేదు. శక్తిని అందించే ఆ మైటోకాండ్రియా అనే భాగం కణానికి పవర్‌హౌస్ అని చెప్పింది నేనే. వాడి మావయ్య కోరాపుట్ వైపు ఉంటాడని తెలిసి, "మన మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ లాంటిదిరా" అని కూడా కలిపాను. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో ఏం తయారవుతుంది? కరెంటు. వాడు అదే రాశాడు.

అప్పట్నుంచి కణం పాఠానికి వాడే పోలికల్ని ఒక్కొక్కటే పట్టుకుని, ఏది ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఏది ఎక్కడ పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుందో రాసిపెట్టుకుంటున్నాను. ఆ కాగితాల్లోంచి తేలిన సలహాలే ఇవి. బళ్ళో చెప్పేవాళ్ళకీ, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకునే అమ్మానాన్నలకీ పనికొస్తాయనుకుంటున్నాను.

మా ఊరు పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనే. నా వసారాలో కూర్చునే పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కొందరు ఇంగ్లీషు మీడియం. ఒకరిద్దరు పక్కనే పాతపట్నం నుంచి వచ్చే తెలుగు మీడియం వాళ్ళు, అంటే వేరే రాష్ట్రం పిల్లలు. కొండల మీంచి వచ్చిన సవర గిరిజన పిల్లలూ ఉంటారు. పాఠం ఒకటే, పేర్లు మాత్రం మూడు. మొదటిసారి నేను "కణం" అనగానే ఒక ఒడియా మీడియం పిల్లాడు "కణ?" అని ఎదురడిగాడు. ఒడియాలో "కణ" అంటే "ఏమిటి" అని. ఆ రోజు పాఠం అక్కడే ఆగిపోయింది, నవ్వులతో.

కానీ ఆ పేర్ల దగ్గరే అసలు సంగతుంది. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కని సూక్ష్మదర్శినిలో చూసి, చిన్న చిన్న గదుల్లా ఉన్నాయని ఇంగ్లీషులో "సెల్" అన్నాడు. ఆయన చూసింది చచ్చిన కణాల గోడల్ని, ఖాళీ గదుల్ని. అంటే ఆ పేరే ఒక పోలిక. మన తెలుగు మాట "కణం" అంటే నలుసు, రేణువు. భౌతికశాస్త్రం క్లాసులోనూ అదే మాట వాడతాం కాబట్టి పిల్లల మనసులో గట్టి గింజలాంటిదేదో మెదులుతుంది. ఒడియాలో "కోష", అంటే ఒర, సంచి, ఖజానా. లోపల ఏదో దాచుకున్నది. తెలుగు వాణ్ణయి ఉండి ఇలా అంటున్నానని ఏమీ అనుకోకండి గానీ, ఈ ఒక్కచోట ఒడియా మాటే ముందుంది. నేను మొదటి రోజు మూడు మాటలూ బోర్డు మీద రాసి, "గదా, గింజా, సంచా, ఏది దగ్గర?" అని అడిగి వదిలేస్తాను. పాఠం అయ్యాక మళ్ళీ అడుగుతాను.

ఇక పోలికలు.

ఇల్లు

ఆరు, ఏడు తరగతులకి చాలు. ఇల్లు చూడని పిల్లలుండరు. గుమ్మం, గోడ, బీరువా, నీళ్ళ తొట్టి అంటూ పది నిమిషాల్లో నాలుగు భాగాలు చెప్పేయొచ్చు.

చిక్కల్లా గోడతోనే. ఇల్లంటే గోడలుంటాయి కాబట్టి జంతు కణానికీ గోడ గీసేస్తారు. ఏటా కనీసం నలుగురు గీస్తారు, పైగా దీర్ఘచతురస్రంలో గీస్తారు. తెలుగు మీడియం పిల్లలకి ఇంకో ఇబ్బంది. కణత్వచం, కణకవచం అని రెండు మాటలు ఒకేలా వినిపిస్తాయి. త్వచం అంటే చర్మం, అది అన్ని కణాలకీ ఉంటుంది. కవచం అంటే చర్మం మీద తొడిగేది, మొక్కలకి ఉంటుంది, సెల్యులోజ్‌తో కట్టింది. ఇలా విడదీసి చెబితే ఇక మర్చిపోరు. అందుకని ఇంటి పోలికని మొక్క కణానికే కట్టేయండి. జంతు కణం దగ్గరికొచ్చేసరికి ఇంటిని వదిలెయ్యాలి.

నీళ్ళ తొట్టి కూడా సగమే నిజం. మొక్క కణంలో రిక్తిక, అంటే నీళ్ళు నిండిన సంచి, ఒక్కోసారి 80, 90 శాతం చోటు తనే ఆక్రమించుకుంటుంది. అది నీళ్ళు నిలవచేయడమే కాదు, లోపల్నుంచి గోడని నెట్టి కణాన్ని బిగువుగా ఉంచుతుంది. దీనికి సైకిల్ ట్యూబు మేలు. అంతకన్నా మేలు, పోలిక అనేదే లేకుండా వాడిన తోటకూర కట్ట తెచ్చి నీళ్ళలో పెట్టడం. గంటలో నిలబడుతుంది. సంతలో కూరలమ్మే ఆమె మాటిమాటికీ నీళ్ళు ఎందుకు చిలకరిస్తుందో పిల్లలే చెబుతారు.

ఊరు

ఛార్టుల్లో, వీడియోల్లో ఎక్కువగా కనబడేది ఇదే. కేంద్రకం మున్సిపాలిటీ ఆఫీసు, అంతర్జీవ ద్రవ్యజాలం (కణం లోపల వలలా అల్లుకున్న పొరలు) రోడ్లు, గాల్జీ పోస్టాఫీసు, లైసోజోమ్‌లు చెత్తబండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నేను మాత్రం చాలావరకు మానేశాను.

ఎందుకంటే తొమ్మిదో తరగతి పిల్లాడికి మున్సిపాలిటీ ఏం చేస్తుందో తెలియదు. (ఆ మాటకొస్తే నాకూ కొన్నిసార్లు తెలియదు.) తెలియనిదాన్ని తెలియనిదానితో పోల్చి లాభం లేదు. రోడ్లన్న పోలికా సరైంది కాదు. రోడ్డు సరుకు మోస్తుంది గానీ తయారుచేయదు, ద్రవ్యజాలం దగ్గర తయారీ కూడా జరుగుతుంది. మా ఊళ్ళో గజపతుల కోట ఉంది కాబట్టి "కేంద్రకం అంటే కోటలో రాజు" అని చెప్పే ఉబలాటం నాకూ ఉండేది. అది ఇంకా ప్రమాదం. కేంద్రకం ఆలోచించదు, ఆజ్ఞలు ఇవ్వదు. అందులో ఉన్నది రాతప్రతి. ఎప్పుడు ఏ పేజీ తెరవాలన్నది బయట్నుంచి వచ్చే కబుర్ల మీద కూడా ఆధారపడుతుంది. రాజు అని చెబితే, మన ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేకుండానే అది దాదాపు 120 రోజులు ఎలా పనిచేస్తుందని పిల్లలు అడుగుతారు. రాజు లేని రాజ్యం కథ ఒకటి అల్లాల్సి వస్తుంది. పుస్తకం అని చెబితే ఆ తిప్పలుండవు. కావలసినవన్నీ ముందే తయారుచేసుకుని పుస్తకం బయట పారేసింది, ఇక పాడైన వాటికి బదులు కొత్తవి చేసుకోలేదు, అంతే.

ఊరి పోలికలో నేను దాచుకున్నది ఒక్క చెక్‌పోస్టు. సరిహద్దులో ఉన్నవాళ్ళకి ఇంతకన్నా మంచి కణత్వచం దొరకదు. నడిచి వెళ్ళేవాణ్ణి ఎవరూ ఆపరు, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అలా దాటిపోతాయి. లారీని ఆపుతారు, గ్లూకోజ్‌కి ప్రత్యేకంగా ఒక దారి, దాటించే ప్రోటీన్ ఉండాలి. కొన్నిటిని తక్కువున్న చోటునుంచి ఎక్కువున్న చోటికి తోయాలంటే శక్తి ఖర్చవుతుంది. దోమతెర, జల్లెడ అని చెప్పేవాళ్ళు ఈ చివరి సంగతి చెప్పలేరు. జల్లెడకి కన్నం సైజు తప్ప వేరే విచక్షణ లేదు.

ఇక్కడో చిన్న సమస్య వచ్చిపడింది. 2017లో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఇప్పటి పిల్లలకి ఎన్నికలప్పుడు బండి డిక్కీ తెరిపించే చెక్‌పోస్టే తెలుసు. పోలికలకీ వయసైపోతుంది, రెండు మూడేళ్ళకోసారి చూసుకోవాలి.

చెక్‌పోస్టు చెప్పలేనిది, త్వచం గట్టి కంచె కాదని. అది కొవ్వు అణువుల పల్చటి రెండు వరసల పొర, కదులుతూ ఉంటుంది. దానికి వేడి చారు మీద తేలే నూనె చుక్కల్ని చూపించండి. రెండు చుక్కలు దగ్గరికి జరిగి ఒకటైపోతాయి. కణం లోపలి చిన్న సంచులు త్వచంతో కలిసిపోవడం రేపు పెద్ద క్లాసులో వచ్చినప్పుడు ఆ చారే గుర్తొస్తుంది.

ఫ్యాక్టరీ

రాయగడ పిల్లలకైతే పేపర్ మిల్లు చెప్పొచ్చు. జేకేపూర్‌లో లోపలికి వెళ్ళే కలప లారీలు, బయటికొచ్చే కాగితం లారీలు వాళ్ళు చూస్తూనే ఉంటారు. ముడిసరుకు, తయారీ, ప్యాకింగ్, వ్యర్థం అన్న వరస బాగా ఎక్కుతుంది. వాళ్ళింట్లో ఒకరైనా మిల్లులో పనిచేస్తూ ఉంటే ఇదే వాడండి, వేరే అక్కర్లేదు. పర్లాకిమిడిలో ఫ్యాక్టరీ లోపల ఏముంటుందో చూసిన పిల్లలు తక్కువ. అందుకని ఇక్కడ నేను వాడను.

పెళ్ళి వంటశాల

నా ఓటు దీనికే, తొమ్మిదో తరగతి నుంచి. రైబోసోమ్, ద్రవ్యజాలం, గాల్జీ అని విడివిడిగా బట్టీ పట్టే మూడు పేర్లూ ఇందులో ఒకే పనిలో వరసగా వస్తాయి. ఈ ప్రాంతంలో పెళ్ళి వంట చూడని పిల్లలు లేరు. పులిహోర పక్కనే డాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) ఉడికే పెళ్ళిళ్ళు మావి.

పెద్ద వంటాయన దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంటుంది. అన్ని వంటలూ అందులో ఉన్నాయి. దాన్ని గదిలోంచి బయటికి తేడు, నూనె చేతులు పడి పాడైపోతుందని భయం. ఆ గది కేంద్రకం, బుక్కు డీఎన్ఏ. ఈ రోజు కావలసిన ఒక్క వంటని చీటీ మీద రాసి బయటికి పంపుతాడు. ఆ చీటీయే ఎంఆర్ఎన్ఏ. పని అయ్యాక చీటీ చింపేస్తారు, కణమూ అంతే చేస్తుంది. చీటీ చూసి వండేవాళ్ళు రైబోసోమ్‌లు, వాళ్ళు వండేది ప్రోటీన్లు. సరుకులు అందించే కుర్రాళ్ళు టీఆర్ఎన్ఏలు. సరుకులు మొత్తం 20 రకాలు, అవి అమైనో ఆమ్లాలు. అదే 20తో లడ్డూ నుంచి డాల్మా దాకా అన్నీ వండాలి.

ఇప్పుడు గాడిపొయ్యి. పొడుగ్గా తవ్విన ఆ పొయ్యి వెంట వరసగా కూర్చున్న వంటవాళ్ళు గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం. రైబోసోమ్‌లు అతుక్కుని ఉండబట్టే దానికి ఆ గరుకు. అక్కడ తయారైనవి ఎక్కువగా బయటికి పంపడానికో, త్వచంలో అమర్చడానికో. పందిట్లో అక్కడక్కడా విడిగా స్టవ్వు పెట్టుకుని పెళ్ళివారికే టీ, ఉప్మా చేసేవాళ్ళు విడి రైబోసోమ్‌లు. వాళ్ళు చేసేది ఇంట్లోకే. ఈ తేడా ఊరి పోలికలో ఎంత వెతికినా దొరకదు.

అక్కణ్ణుంచి సారె గదికి. గాల్జీని పోస్టాఫీసుతో పోల్చడం పుస్తకాల అలవాటు, తప్పు కాదు. కానీ పోస్టాఫీసు మనం ఇచ్చిన పార్సిల్‌ని విప్పి అందులో ఏమీ కలపదు. సారె సర్దే గదిలో అలా కాదు. లడ్డూలు, అరిసెలు, చలిమిడి వస్తాయి. పెద్దమ్మలు కూర్చుని వాటిని బుట్టల్లో సర్ది, పసుపు కుంకుమ పెట్టి, పైన గుడ్డ కట్టి, ఇది వియ్యపురాలికి, ఇది ఆడపడుచుకి అని విడదీస్తారు. గాల్జీ కూడా వచ్చిన ప్రోటీన్లకి చక్కెర అణువులు తగిలించి, మార్పులు చేసి, ఎక్కడికి పోవాలో అక్కడికి సంచుల్లో పంపుతుంది. 1898లో దీన్ని గుర్తించిన కామిల్లో గాల్జీ ఇటలీ ఆయన. సారె చూసి ఉండడు గానీ, చూసి ఉంటే ఒప్పుకునేవాడనుకుంటాను.

లైసోజోమ్‌లని పుస్తకం "ఆత్మహత్య సంచులు" అంటుంది. పిల్లలకి ఆ మాట భలే నచ్చుతుంది, పరీక్షలో తప్పకుండా రాస్తారు. కానీ వాటి రోజువారీ పని అది కాదు. పాడైన భాగాల్ని విరిచి, పనికొచ్చే ముక్కల్ని తిరిగి కణానికి ఇవ్వడం వాటి పని. కణం తన భాగాల్ని తానే ఇలా జీర్ణం చేసుకునే తీరు మీద పరిశోధనకే 2016లో యోషినోరి ఒసుమికి నోబెల్ వచ్చింది. కాబట్టి చెత్తకుండీ అనకండి, గిన్నెలు తోమే చోటు అనండి. అక్కడ పని జరిగేది చింతపండుతో. లైసోజోమ్ లోపలా పులుపే, అందులోని ఎంజైములు ఆ ఆమ్లంలోనే బాగా పనిచేస్తాయి. ఒక సంచి పగిలి బయటికొచ్చినా చుట్టూ అంత ఆమ్లం లేదు కాబట్టి వాటి జోరు తగ్గిపోతుంది. "మరి ఆత్మహత్య ఎలా చేసుకుంటుంది సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఒకటి పగిలితే ఏం కాదు, చాలా పగిలితే ముప్పే అన్నాను.

ఈ వంటశాల ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. వంటవాడు ఉప్పు చూస్తాడు, తగ్గితే వేస్తాడు. రైబోసోమ్‌కి రుచి తెలియదు, చీటీలో మూడేసి అక్షరాలు చదువుకుంటూ పోతుంది. చీటీలో తప్పుంటే వంటలోనూ తప్పే. ఇంకా పెద్ద తేడా ఒకటుంది. పెళ్ళి వంట తినడానికి. కణం వండే ప్రోటీన్లలో చాలావరకు పనిముట్లు, పనివాళ్ళు. అంటే ఈ వంటశాల గరిటెల్నీ, వంటవాళ్ళనీ కూడా తనే వండుకుంటుంది. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో ఒక క్షణం ఎవరూ మాట్లాడరు. నాకు ఆ క్షణం ఇష్టం.

వంటశాలలో పట్టనివి

మైటోకాండ్రియాని పొయ్యి అనాలని ప్రాణం లాగుతుంది. అనకండి, "కణంలో మంట ఉంటుంది" అని రాస్తారు. నేను దాన్ని వంటశాల బయట పెట్టి, చిల్లరతో చెబుతాను. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆటో ఎక్కి 500 నోటు ఇస్తే డ్రైవర్ మొహం ఎలా పెడతాడో అందరికీ తెలుసు. గ్లూకోజ్ ఆ 500 నోటు. కణంలో ఏ పనికీ అది నేరుగా చెల్లదు, పది రూపాయల బిళ్ళలు కావాలి. ఆ బిళ్ళలు ఏటీపీలు. నోటు మార్చే పని కణద్రవ్యంలో మొదలై, ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో ఆక్సిజన్ సాయంతో జరుగుతుంది. ఒక గ్లూకోజ్‌కి 36 లేదా 38 ఏటీపీలని పాత పుస్తకాల లెక్క, ఇప్పుడు 30 నుంచి 32 అంటున్నారు. మార్పిడిలో కొంత కమీషన్ వేడిగా పోతుంది, పరిగెత్తితే ఒళ్ళు వేడెక్కేది అందుకే.

హరితరేణువుని సోలార్ ప్యానెల్ అంటే రెండు తప్పులు. ప్యానెల్ కరెంటు ఇస్తుంది, హరితరేణువు ఆహారం తయారుచేస్తుంది. పైగా "సోలార్ ఉంది కదా, మొక్కకి మైటోకాండ్రియా ఎందుకు" అని తీసేస్తారు. మొక్క కణంలో రెండూ ఉంటాయి. పెరట్లో కూరగాయలు పండించుకునే ఇల్లు అనండి. పండించినా వండుకోవాలిగా.

కణ విభజనకి మాత్రం పోలిక వెతక్కండి. ఏ వంటశాలా, ఏ ఫ్యాక్టరీ రెండుగా విడిపోదు. రాత్రి పాలలో తోడు వేసి పొద్దున చూపించండి. అది పోలిక కాదు, బాక్టీరియా కణాలు నిజంగానే ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగిన సాక్ష్యం.

పోలికలన్నీ దాచేసే ఇంకో సంగతి సైజు. దానికి కళ్యాణ మండపం కావాలి. మన కణం 20 మైక్రోమీటర్లనుకుని, దాన్ని 20 మీటర్ల హాలు చేశామనుకోండి. కేంద్రకం ఐదారు మీటర్ల గది. మైటోకాండ్రియా అర మీటరు, మీటరు వెడల్పు గంగాళాలు. రైబోసోమ్ ఉసిరికాయంత, అలాంటివి లక్షల్లో. హాలు ఖాళీగా ఉండదు, జాతరలో జనంలా కిక్కిరిసి ఉంటుంది. పుస్తకంలో బొమ్మ చూసి నీళ్ళలో నాలుగు వస్తువులు తేలుతున్నాయనుకునే పిల్లలకి ఇది ఒక్కసారైనా చెప్పాలి.

ఎవరికి ఏది

ఆరు, ఏడు తరగతులకి ఇల్లు, అదీ మొక్క కణానికే, నాలుగు భాగాలతో ఆపేయండి. ఎనిమిదికి చెక్‌పోస్టు, చారు మీద నూనె, వాటికి తోడు ఉల్లిపొర. సూక్ష్మదర్శిని లేని బడి అయితే కాగితంతో మడిచే ఫోల్డ్‌స్కోప్ సరిపోతుంది, ఉల్లి కణాల గోడలు, అయోడిన్ చుక్క వేస్తే కేంద్రకమూ కనిపిస్తాయి. ఒకే పీరియడ్ ఉంటే పోలికలన్నీ మానేసి ఉల్లిపొరే చూపించండి. తొమ్మిది, పదికి వంటశాల, చిల్లర. ఏ పోలిక చెప్పినా చివర్లో "ఇది ఎక్కడ తప్పు?" అని ఐదు నిమిషాలు పిల్లల్నే అడగండి. నేను ముందు చెప్పేసే తప్పులకన్నా వాళ్ళు పట్టుకునేవే బాగుంటాయి. పరీక్షలో మాత్రం సారె గది అని రాయొద్దని గట్టిగా చెప్పండి, ఒకసారి అనుభవమైంది.

సవర పిల్లలుంటే వంటశాల కూడా వాళ్ళ ఇళ్ళ పద్ధతిలోకి మార్చుకోవాలి. వాళ్ళ వేడుకలో ఎవరు వండుతారు, ఎవరు పంచుతారు అని ముందు వాళ్ళనే అడిగి, వాళ్ళ మాటల్లోనే పాఠం కట్టడం మేలు. ఇదే ఊళ్ళో బడిపంతులుగా ఉండి సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తిగారు చేసింది అలాంటి పనే.

ఇటు ప్లస్ టూ, అటు ఇంటర్, నీట్‌కి చదివేవాళ్ళకి పోలికలు చాలావరకు అక్కర్లేదు. ఒక్కటి తప్ప. మైటోకాండ్రియా లోపలి పొరకి ఒక పక్క ప్రోటాన్లు పోగవుతాయి, మాచ్‌ఖండ్‌కి నీళ్ళిచ్చే జలాపుట్ డ్యామ్ వెనక నీళ్ళు నిలిచినట్టు. అవి ఒక సన్నటి దారిలోంచి దూకుతూ ఏటీపీ సింథేజ్ అనే యంత్రాన్ని నిజంగానే గిరగిరా తిప్పుతాయి, మాచ్‌ఖండ్‌లో నీళ్ళు టర్బైన్‌ని తిప్పినట్టు. ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది. 1961లో పీటర్ మిచెల్ ఈ ప్రోటాన్ల సంగతి చెబితే చాలామంది నమ్మలేదు, 1978లో నోబెల్ ఇచ్చారు.

కరెంటు అని రాసిన కుర్రాడు ఇప్పుడు ప్లస్ టూ. పోయిన నెల ఈ పాఠం చెబుతూ బోర్డు మీద డ్యామూ టర్బైనూ గీశాను. వాడు చాలాసేపు దాన్నే చూసి, "మరి అప్పుడు నాకు ఒక్క మార్కయినా ఎందుకివ్వలేదు సార్?" అన్నాడు.